ఇంటికో నీరసం ఉండాలి

జ్వరం వచ్చి తగ్గిపోవడంలో గొప్పేముందండీ? తగ్గాక కూడా వదలని నీరసం ఉంది చూశారూ, దానికి పెట్టి పుట్టాలి!

మా ఆవిడ సుభద్రమ్మకి ఆ అదృష్టం పట్టింది. వానాకాలంలో వచ్చిన వైరల్ జ్వరం వానలతోనే పోయింది. కీళ్ల నొప్పులూ, మెట్టెక్కితే ఆయాసమూ మిగిలాయి. భీమవరంలో టెస్టులన్నీ చేయించి "అంతా నార్మలేనండి" అన్నారు. నార్మలన్నాక ఇంకేం కావాలి? తీసుకొచ్చి వంటింట్లో దింపాను. మర్నాడే పొయ్యి దగ్గర కూలబడింది.

అప్పుడు రొయ్యల చెరువుల పని మానుకుని మరీ రాజమండ్రి తీసుకెళ్లాను. అక్కడ డాక్టర్ మంజుష గారు ఫంక్షనల్ మెడిసిన్ చూస్తారు. అందులో జబ్బుని కాదు, మనిషిని చూస్తారట! ఏం తింటారు, ఎప్పుడు లేస్తారు, ఎలా నిద్రపోతారు అని గంటసేపు అడిగారు. జవాబులన్నీ నేనే చెప్పాను. పాపం, తనకి మాట్లాడే ఓపికెక్కడిది?

ఆహా, ఏం వైద్యమండీ! వరి అన్నం మానెయ్యాలి. కొర్రలు నానబెట్టి వండాలి. మేకకాళ్లు గంటల తరబడి మరిగించి సూప్ కాయాలి. గింజలు వేయించి పొడి కొట్టాలి, మునగాకు దూయాలి. చీటీ చివర "పూర్తి విశ్రాంతి" అని కూడా ఉంది. మెడికల్ షాపులో అది లేదన్నారు, వదిలేశాం.

మిగతావన్నీ మా ఆవిడ తు.చ. తప్పకుండా చేస్తోంది. తెల్లవారకముందే లేచి తన కొర్రలు, ఆ తర్వాత మాకు అన్నం, చేపల పులుసు. "అత్తయ్యగారు ఎంత యాక్టివ్ అయిపోయారో!" అని మా కోడలు హైమ వీడియో తీసి స్టేటస్ పెట్టింది. జబ్బు చేయకముందు ఇంత పని చేసేదా చెప్పండి?

"కాళ్లు లాగేస్తున్నాయండీ" అంటుంది అప్పుడప్పుడూ.

"సూప్ తాగు" అంటాను.

"అది కాయడానికే కదండీ లాగేస్తున్నాయి!"

ఆడవాళ్లకి సైన్సు చెప్పడం నా వల్ల కాదు.

మొన్న మళ్లీ చూపించడానికి వెళ్లాం. "రెస్ట్ తీసుకుంటున్నారా అండీ?" అని డాక్టరు గారు తననే అడిగారు.

"బ్రహ్మాండంగా!" అన్నాను నేను.

మా ఆవిడ వైపు తిరిగాను. చూద్దును కదా, కుర్చీలోనే నిద్రపోతోంది! నాకు తల కొట్టేసినట్టయింది. లేపబోయాను.

"ఆగండి రాజుగారూ. మీ చెరువులో రొయ్యలకి జబ్బు చేస్తే ఏం చేస్తారు?" అన్నారు డాక్టరు గారు.

తెలిసిన సబ్జెక్టు కదా, గొంతు లేచింది. "మేత తగ్గిస్తామండి! నీళ్లకి గాలి అందేలా ఏరేటర్లు తిప్పుతాం! తేరుకునేదాకా చెరువులోకి ఒక్కణ్ణీ దిగనివ్వం!"

"అయితే కాస్త నెమ్మదిగా మాట్లాడండి" అంటూ డాక్టరు గారు లేచి గదిలో లైటు ఆపేశారు.