బ్రిటన్ వెళ్ళొస్తుంది

ఆ బుధవారం పొద్దున చక్రపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి యూరప్ కూటమి నుంచి బ్రిటన్‌ను బయటికి తీసుకురావడం, పన్నెండు దాటగానే డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్‌కు వచ్చి చారన్నం తినడం. దేశాల మధ్య చర్చలు ఎలా జరపాలో నేర్పే క్లాసులో అతనిది బ్రిటన్ వేషం. ఇందులో మంచి గ్రేడు రాకపోతే జీపీఏ మూడు కన్నా కిందికి జారుతుంది, ఆపైన వీసాకే ఎసరు.

ప్రొఫెసర్ ఇచ్చిన కాగితంలో రెండే వాక్యాలు. చర్చలు అప్పట్లో నిజంగా జరిగినట్టే నడవాలి. పన్నెండింటికి ఆపేయాలి. మన బ్రిటన్ రెండోదే చదివింది. ఆలోపు ఒప్పందం మీద సంతకం కాకపోతే సున్నా అన్నది దాని సొంత కవిత్వం.

ఎదురుగా యూరప్ వేషంలో వరంగల్ అమ్మాయి రిషిత. ఎవరేమన్నారో మినిట్స్ రాసేది డాలస్‌లో పుట్టి, ఇంట్లో విని తెలుగు నేర్చిన ఆరవ్. ఇంగ్లిష్‌లో మొదలైన చర్చ ఐదు నిమిషాల్లో తెలుగులోకి దిగింది.

"సరే, ఎప్పుడు పోతరు?" అంది రిషిత.

భీమవరం చక్రపాణి ముఖం మాడిపోయింది. "పోతరేంటి రిషితా, శుభమా అని బయల్దేరుతుంటే! వెళ్ళొస్తాం అనాలి."

బ్రిటన్ వెళ్తుంది, తర్వాత వస్తుంది అని ఆరవ్ ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. రిషిత అది చూసింది.

"మల్ల వస్తరా? డేట్ చెప్పు, క్లాజ్ యాడ్ చెయ్యాలె."

"రాం. ఊరికే అంటాం."

"అయితే రాం అని రాసియ్యి."

"రాం అని రాసి గడప దాటతామా? మా అమ్మమ్మ వింటే ఇంకేమన్నా ఉందా!"

"అన్నా, వస్తావా, రావా? వన్ ఆన్సర్ చెప్పు," అన్నాడు ఆరవ్.

"వెళ్తాం. రాం. కానీ వెళ్ళొస్తాం."

ఆరవ్ పేజీ తిప్పాడు. "మల్ల వచ్చేటోళ్ళకు వీసా కావాలె," అంది రిషిత. ఆ మాటతో బ్రిటన్ కాస్తా ఎఫ్-1 వీసా విద్యార్థి అయిపోయి, గంటన్నర ప్రాణం పెట్టి పోట్లాడింది. పన్నెండైంది. సంతకం లేదు. చక్రపాణికి ఏడుపొక్కటే తక్కువ.

ప్రొఫెసర్ మినిట్స్ మొదటి నుంచి చివరిదాకా చదివి కళ్ళజోడు తీశాడు.

"ఆరేళ్ళుగా ఈ క్లాసులో అందరూ టక్కున సంతకాలు పెట్టేస్తున్నారు. అసలు బ్రిటన్‌లాగే వెళ్తానంటూ గుమ్మంలోనే నిలబడ్డ దేశాన్ని ఇన్నాళ్ళకు చూశాను. ఇద్దరికీ ఎ గ్రేడు."

చక్రపాణి ఆనందంగా కాగితాలు సర్దుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, అలవాటుగా, "సర్, ఐ విల్ గో అండ్ కమ్," అన్నాడు.

సాయంత్రం ఐదు దాకా ప్రొఫెసర్ అతని కోసం గదికి తాళం వేయలేదు.