కొంచెం మంచి పేరున్న జబ్బు

అవనిగడ్డలో మానసిక రోగులు ఎవరూ లేరని ఇంటింటి సర్వేలో తేలింది. ఈ ఘనత సాధించిన నర్సు పేరు రూతు. మానసిక నర్సింగులో ప్రత్యేకంగా చదువుకుని, సొంత ఊరికి దగ్గరని కోరి మరీ ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వేయించుకుంది. ఆమె తండ్రి రత్నరాజు గారు మాత్రం చర్చిలో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఆసుపత్రిలో చేస్తోంది" అని అక్కడితో ఆపేస్తారు. ఏ వార్డో కూడా చెబితే కూతురికి వచ్చే సంబంధాలు ఆ వార్డు గుమ్మం నుంచే వెనక్కి తిరుగుతాయని ఆయన భయం.

సర్వేలో రూతు ఇల్లిల్లూ తిరిగింది. నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా అని అడిగింది. జనం బాగా సహకరించారు. నిద్ర పట్టనివాళ్లకు గ్యాస్ ఉంది. ఏడుపు ఆగని కోడళ్లకు దిష్టి ఉంది. గది తలుపు తీయని కుర్రాళ్లకు పోటీ పరీక్షలున్నాయి. పెళ్లాన్ని అనుమానించి కొట్టే మొగుళ్లకు ప్రేమ ఎక్కువ. జబ్బు మాత్రం ఎవరికీ లేదు. ఆసుపత్రిలో 'మానసిక విభాగం' అన్న బోర్డు కిందికి ఎవరూ రాకపోయేసరికి రూతు దాన్ని 'తలనొప్పి, నిద్ర విభాగం' అని మార్పించింది. మర్నాటికి క్యూ గేటు దాటింది. పై అధికారులు దీన్ని వినూత్న విధానంగా కొనియాడారు.

ఈ రంగంలో ఊరికి పెద్దదిక్కు వెంకటసుబ్రహ్మణ్యం గారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు, ఊరందరికీ మాస్టారు. "మనసు కూడా శరీరమే" అన్న ఉపన్యాసాన్ని ఘంటసాల నుంచి నాగాయలంక దాకా దొరికిన ప్రతి మైకులోనూ ఇచ్చారు. "మానసిక వ్యాధి సిగ్గుపడవలసిన విషయం కాదు, దాన్ని దాచిపెట్టడమే సిగ్గుపడవలసిన విషయం" అన్న వాక్యం దగ్గర ఆయన గొంతు జీరబోతుంది. చప్పట్లు పడేదీ అక్కడే.

ఆ రోజుల్లో ఆయన కొడుకు సుధన్వ పెరటి వైపు గదిలో ఉండేవాడు. హైదరాబాదులో మంచి ఉద్యోగం ఉన్నట్టుండి మానేసి వచ్చాడు. పక్కింటివాళ్లు నీళ్ల ట్యాంకులో ఏదో కలుపుతున్నారని ముందు స్నానం మానేశాడు, తర్వాత అన్నం మానేశాడు. అతను గోడతో వాదిస్తుంటే వీధిలోకి వినపడకుండా తల్లి ఇందిరమ్మ టీవీ సౌండు పెంచేది. దాంతో ఆ ఇల్లు ఎప్పుడూ కళకళలాడుతూ ఉంటుందని వీధిలో పేరొచ్చింది.

సర్వేకు వచ్చిన రూతుకు మాస్టారు ఎదురొచ్చి కుర్చీ వేశారు.

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదమ్మా. రాసుకుని, కాఫీ తాగి వెళ్లు."

అంతలో లోపలి నుంచి "ఆపండ్రా, ఇక ఆపండి" అన్న కేక వినిపించింది. మాస్టారు టీవీ వైపు చూశారు. దురదృష్టవశాత్తు అప్పుడు కరెంటు లేదు.

ఇందిరమ్మ కాఫీ తేలేదు. రూతు చేయి పట్టుకుని పెరటి గదిలోకి తీసుకెళ్లింది. సుధన్వ గోడవారన కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా ఎముకలకు తగిలించినట్టుంది. రూతు కూడా నేల మీదే కూర్చుని, అతను తనవైపు చూసేదాకా ఆగింది.

"ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయాండీ?"

"మీకు వినిపించట్లేదా?"

"నాకు వినిపించట్లేదండి. మీకు వినిపిస్తున్నాయంటే నమ్ముతాను. ఏమంటున్నారు?"

"నా వల్ల నాన్నగారి పరువు పోయిందంటున్నారు. నేను లేకపోతేనే ఇంటికి మంచిదంటున్నారు."

"వాళ్లు చెప్పినట్టు చేయాలనిపిస్తోందా?"

సుధన్వ చూపు మళ్లీ గోడ వైపు తిప్పుకున్నాడు. "ఒక్కోసారి అనిపిస్తుందండి. కాస్త నిద్ర పడితే చాలు" అన్నాడు.

లేని గొంతులను గుర్తుపట్టడం రూతు నేర్చుకున్న చదువే. అయితే సరిగ్గా అప్పుడే హాల్లోంచి "అయిపోయింది, పరువంతా పోయింది" అని ఇంకో గొంతు వినిపించింది. అది మాస్టారిది, ఉన్న గొంతే. రెండు గొంతులూ ఒకే మాట అనే సందర్భం ఆమె చదివిన పుస్తకంలో లేదు.

హాల్లోకొచ్చి రూతు ఉన్నదున్నట్టు చెప్పింది. జబ్బు పేరు డాక్టరుగారు చెప్పాలి, కానీ తను చూసినంతలో ఇది ముదిరిన మానసిక వ్యాధి, మందులతో తగ్గుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. మాస్టారు చీరల కొట్లో కూర్చున్నంత ఓపిగ్గా బేరం మొదలుపెట్టారు.

"స్ట్రెస్ అనుకుందామా?"

"కాదండి."

"పోనీ డిప్రెషన్? ఈమధ్య పెద్దపెద్దవాళ్లకే వస్తోందట."

"అది వేరండి మాస్టారూ."

"నరాల బలహీనత అయితే మా నాన్నగారికీ ఉండేది. చూడమ్మా, వాడికి గుడివాడ నుంచి ఒక సంబంధం వచ్చేలా ఉంది. కొంచెం మంచి పేరున్న జబ్బు ఏదైనా చూడు."

"పేరు మీ ఇష్టమొచ్చింది పెట్టుకోండి. బందరు పెద్దాసుపత్రికి మాత్రం రేపే తీసుకెళ్లండి" అంది రూతు. సర్వే కాగితంలో మాత్రం మాస్టారు చెప్పినట్టే రాసుకుంది.

మాస్టారికి మర్నాడు మోపిదేవిలో ఉపన్యాసం ఉంది. అందుచేత ఇందిరమ్మే కొడుకుని బందరు బస్సెక్కించింది. వీధిలో అడిగినవాళ్లతో చిలకలపూడి పాండురంగడి దర్శనానికని చెప్పింది. అక్కడి డాక్టరు పరీక్ష చేసి స్కిజోఫ్రీనియా అన్నాడు. ఎవరి పాపమూ కాదు, పెంపకం తప్పూ కాదు, మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దన్నాడు. ఇందిరమ్మ ఆ పేరు రెండుసార్లు పలికి చూసింది. "పేరుందంటే మందు కూడా ఉంటుందిగదండీ" అంది. తిరుగు బస్సులో మాత్రం దారిపొడవునా కొంగు నోటికడ్డం పెట్టుకునే కూర్చుంది.

కొన్ని నెలలకు సుధన్వ ట్యాంకు నీళ్లు తాగాడు, గడ్డం గీసుకున్నాడు, వీధి చివరిదాకా నడిచి పెరుగు ప్యాకెట్ తెచ్చాడు. ఈశాన్యం వైపు గేటు మార్పించినందువల్లనే ఇదంతా అని మాస్టారు తేల్చారు. తన తమ్ముడు మొక్కిన మొక్కు వల్లనేమోనని ఇందిరమ్మ కూడా అంది. మాత్రల తరఫున మాట్లాడేవారు లేరు.

"బాగయ్యావుగా, ఇక మాత్రలు ఆపెయ్" అన్నారు మాస్టారు ఒకరోజు.

"మీ బీపీ కూడా బాగానే ఉందిగా నాన్నగారూ. మీరు ఆపండి, నేనూ ఆపుతాను."

మాస్టారు ఇక ఆ ప్రస్తావన తేలేదు.

అక్టోబరులో మానసిక ఆరోగ్య వారోత్సవాలు జరిగాయి. అధ్యక్షులు రైసు మిల్లు బసవపున్నయ్య గారు. "ఒక్క మానసిక రోగి కూడా లేని గడ్డ మనది. ఉప్పెన వస్తేనే చెదరని గుండెలివి, ఇక వీటికి దిగులెక్కడిది?" అన్నారు. ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని, వాన శబ్దానికి నేటికీ లేచి కూర్చునే ముసలివాళ్లు కూడా మర్యాదకు చప్పట్లు కొట్టారు. తర్వాత మాస్టారు మాట్లాడారు. గొంతు ఎప్పటి చోటే జీరబోయింది.

అటుపిమ్మట ఏకపాత్రాభినయం పోటీలు. పేరు పిలవకుండానే సుధన్వ వేదిక ఎక్కాడు.

"నేను మాస్టారి అబ్బాయిని. నాకు స్కిజోఫ్రీనియా. చాలాకాలం గోడతో మాట్లాడాను. చచ్చిపోదామనుకున్నాను. ఇప్పుడు మందులు వాడుతున్నాను. గొంతులు ఇంకా అప్పుడప్పుడూ వస్తాయి, కానీ ఇప్పుడవి పక్కింటి రేడియోలాగా ఉంటాయి. మీలో ఎవరికైనా ఇలా ఉంటే రూతుగారి దగ్గరికి వెళ్లండి. ఏమీ కాదు."

ఆడవాళ్ల వరుసలో ఇందిరమ్మ లేచి నిలబడింది. బసవపున్నయ్య గారు ముందుగా తేరుకుని చప్పట్లు మొదలుపెట్టారు. సభ దద్దరిల్లింది. న్యాయనిర్ణేతగా కూచిపూడి నుంచి వచ్చిన పెద్దమనిషి, గొంతులో వణుకు చాలా సహజంగా పలికిందనీ చేతులు ఇంకాస్త వాడాల్సిందనీ చెప్పి, ప్రథమ బహుమతి ప్రకటించారు.

"నటన కాదండి. నిజం" అన్నాడు సుధన్వ.

"చూశారా, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు" అన్నారు న్యాయనిర్ణేత. మళ్లీ చప్పట్లు.

మైకు మాస్టారి చేతికి వచ్చింది. కొడుకు ఆయన వైపే చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి మాస్టారికి మైకులో ఏం మాట్లాడాలో తోచలేదు. చివరికి, "మావాడికి చిన్నప్పటి నుంచీ నాటకాలంటే పిచ్చి" అన్నారు.

సుధన్వ జ్ఞాపిక తీసుకోకుండా దిగిపోయాడు. ఇందిరమ్మ ఎదురెళ్లి, అందరూ చూస్తుండగానే అతని చేయి పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లింది.

సభ ముగిశాక షామియానా వెనక రూతు చుట్టూ జనం చేరారు. ఒకరికి తెలిసినవాళ్ల అబ్బాయికి ఇలాంటిదే ఏదో ఉంది. ఇంకొకరి దూరపు చుట్టం రోజుల తరబడి మంచం దిగడం లేదు. బసవపున్నయ్య గారు అందరూ వెళ్లేదాకా ఆగి, తన స్నేహితుడొకాయనకు మిల్లు తాళం వేశాడో లేదోనని వెళ్లి మళ్లీ మళ్లీ చూసొచ్చే అలవాటుందన్నారు. ఆ తెలిసినవాళ్లందరినీ సోమవారం తీసుకురమ్మని రూతు చెప్పింది.

సోమవారం తెలిసినవాళ్లెవరూ రాలేదు. అడిగినవాళ్లే వచ్చి వరసలో కూర్చున్నారు. మాత్రల కోసం వచ్చిన సుధన్వను పక్కనున్న ముసలాయన, "నువ్వూ ఎవరి కోసమో వచ్చావా బాబూ?" అని అడిగాడు.

"లేదండి. నా కోసమే."

ముసలాయన కొంచెం దూరం జరిగాడు. కాసేపటికి మళ్లీ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "వేసుకుంటే నిద్ర పడుతుందంటావా?" అన్నాడు.

ఈ కథ మీ గురించి కాదని మాకు తెలుసు. మీ ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. మీకు తెలిసినవాళ్లకు ఎవరికైనా పనికొస్తుందేమోనని చెప్పాం, అంతే.