తలుపుకి నొప్పుల తైలం

మీ కారు తలుపు రబ్బరు ఎండి, బిరుసెక్కి, పగుళ్లిచ్చిందా? అయితే మీరు అదృష్టవంతులు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మాది మామగారి హయాం నాటి కారు. పక్క సీటు వైపు తలుపు రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది. వాన పడితే నీళ్లు సరాసరి మా ఆవిడ ఒళ్లోకే! కొత్త కార్ల వాళ్లకి ఈ భాగ్యం ఏదీ? అద్దాలు బిగించుకుని, బయట ఎండో వానో తెలియని బతుకులు వాళ్లవి. మేమైతే కారులోనే గొడుగు వేసుకునేవాళ్లం. వీధిలో వాళ్ల కబుర్లన్నీ ఆ పగుళ్లలోంచి వినబడుతుంటే ఇక పేపరెందుకు?

ఆవిడకి మాత్రం ఈ వైభోగం ఒంటపట్టలేదు. "ఆ రబ్బరు బాగయ్యేదాకా ఆ సీట్లో కూర్చోను గాక కూర్చోను!" అని తెగేసి చెప్పింది. ఆవిడ పక్కన లేకపోతే నాకు స్టీరింగ్ మీద చెయ్యే పడదు. నేనెంత తప్పుగా నడుపుతున్నానో ఎవరు చెబుతారు?

స్పేర్ పార్ట్స్ షాపుకి పరుగెత్తాను.

"ఒరిజినల్ ఉందా?"

"ఉందండీ, ఒరిజినల్ డూప్లికేట్!" అన్నాడు షాపాయన గుండె మీద చెయ్యేసుకుని.

అది తొలి ఎండకే జిగురై నా చొక్కాకి అంటుకుంది. పీకితే సగం తలుపుకీ సగం నాకూ మిగిలింది.

ఇక పాత రబ్బరే గతి. నొప్పుల తైలం పట్టిస్తే మెత్తబడుతుందన్నాడు మెకానిక్. ఇంట్లో ఉన్న సీసా తీశాను. రోజూ సాయంత్రం తలుపు దగ్గర పీట వేసుకుని, పసిపిల్లకి ఒళ్లు పట్టినట్టు పట్టాను. వీధంతా ఒకటే ఘాటు! పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసింది.

"ఎవరికి బాబూ నొప్పులు?"

"తలుపుకండీ!" అన్నాను గర్వంగా. ఆవిడ తల గబుక్కున గోడ వెనక్కి మాయమైంది.

నిన్న జోరువాన. పక్క సీటు మీద చుక్క పడలేదు! గొడుగు పట్టుకుని, తలుపు తీసి, "రావోయ్ మహారాణీ!" అని పిలిచాను. మా ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వచ్చింది. రబ్బరు నొక్కి చూసింది.

"మెత్తగానే ఉంది. మరి ఎక్కడానికి నా మోకాలు వంగొద్దూ?"

"అదేంటి, ఏమైంది?"

"ఏమవుతుందండీ! ఆ తైలం డాక్టరు నా మోకాలికి రాసిచ్చాడు. మీరు తలుపుకి రాశారు."

వచ్చినట్టే మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయింది. కారు లోపల ఎంత పొడిగా ఉందో తెలుసా అండీ? నేనొక్కణ్ణే కూర్చుని చూశాను.