పసుపు గొడుగు ఎటు పోతే అటు

పసుపు గొడుగు పోయిన రోజు పొద్దున లెక్కల మాస్టారి పథకంలో ఎక్కడా లోటు లేదు. హెచ్ఐవి క్లినిక్ సాయానికి ఇరుగుపొరుగంతా కలిసి నడుస్తారు. ఆ చందాలతోనే ఉచిత పరీక్షలు, మందులకు రాలేనివాళ్లకు బస్సు ఛార్జీలు. అక్కడికొచ్చేవాళ్లు జనం కంటపడకూడదని, నడక క్లినిక్ ఉన్న సందులోకే వెళ్లకుండా దారి గీసింది మాస్టారే. "నేను గొడుగు పట్టుకుని ముందు నడుస్తాను. గొడుగు ఎటు పోతే అటు రండి. ప్రశ్నలొద్దు," అని అందరికీ ముందే చెప్పి ఉంచారు.

నడక మొదలయ్యే బడికి వెళ్తూ బ్యానరు కోసం టైలరమ్మ దగ్గర ఆగారు.

"కింది వరసలో తమ్ముడుగారి పేరు కుట్టాను మాస్టారూ. విప్పి చూసుకోండి."

తమ్ముడు ఆ జబ్బుతోనే పోయి ఏడాది. "తర్వాత చూస్తాలేమ్మా," అంటూ మాస్టారు మడత చంకలో ఇరికించుకుని గబగబా మెట్లు దిగారు. గోడకు ఆనించిన గొడుగు అక్కడే ఉండిపోయింది.

టైలరమ్మకు అది మందుల రోజు. ఆమె క్లినిక్‌కు వెళ్తుందని అత్తగారికి కూడా తెలియదు. దారాలు కొనాలని చెప్పి బయల్దేరుతుంది. వీధిలో ఇంత జనాన్ని చూసేసరికి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం దాచుకోవడానికి గొడుగు కనిపించింది. తిరిగొచ్చాక ఇచ్చేయొచ్చనుకుని, కళ్ల దాకా దించి పట్టుకుని బడి గేటు ముందు నుంచి నడిచింది.

గేటు దగ్గర జనంతో కాచుకుని ఉన్న డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. "గొడుగు కదిలింది! పదండి!"

లెక్కల మాస్టారు అప్పటికే గొడుగు వెతుక్కుంటూ వెనక వీధిలో పరుగెడుతున్నారు.

ఆమె సందు తిరిగింది. జనమూ తిరిగారు. దారాల కొట్టు ముందు ఆగింది. వీధంతా ఆగింది. ఆమె అడుగు వేగం పెంచింది.

"ఎడమ, కుడి! వెనకబడొద్దు!"

"ఇటేంటండీ, దారి ఇది కాదుగా?" అన్నారెవరో.

"ప్రశ్నలొద్దన్నారు! గొడుగు ఎటు పోతే అటే!" అని అరిచారు డ్రిల్లు మాస్టారు.

వాళ్లను వదిలించుకుందామని ఆమె మార్కెట్ చుట్టూ తిరిగింది. కూరగాయలు కొనేవాళ్లు కూడా సంచులతో సహా కలిశారు. క్లినిక్ మూసే వేళ దగ్గరపడుతోంది. ఇంట్లో ఒక్క మాత్ర కూడా లేదు. ఇక చేసేదేమీ లేక క్లినిక్ గుమ్మం ముందు నిలబడింది. వెనక ఊరంతా నిలబడింది.

నర్సు ఆమెను ఎన్నడూ చూడనట్టే చూసి, "ఏం కావాలండీ?" అంది.

టైలరమ్మ గొడుగు మూసింది. "పరీక్షలకొచ్చాం. అందరం."

డ్రిల్లు మాస్టారి నోట్లోంచి ఈల జారింది. "నాకెందుకమ్మా పరీక్ష?"

"ప్రశ్నలొద్దన్నారు కదండీ."

ఆయన చొక్కా చెయ్యి మడిచారు. దాంతో మిగతావాళ్లకు వరస కట్టక తప్పలేదు. ఆ రద్దీలో ఎవరు దేనికొచ్చారో ఎవరికీ తెలియలేదు. ఎప్పుడూ వెనక తలుపు నుంచి వెళ్లే టైలరమ్మ ముందు తలుపు నుంచి వెళ్లి, మందులు దారాల సంచిలో వేసుకుని బయటికొచ్చింది.

రొప్పుతూ వచ్చిన లెక్కల మాస్టారు, తాను తప్పించిన సందులోనే తన నడక మొత్తం కనబడేసరికి గోడ పట్టుకున్నారు.

"మీ గొడుగండీ," అంది టైలరమ్మ తల వంచుకుని.

మాస్టారు ఆమెనూ సంచినీ చూసి, చూపు తిప్పేసుకున్నారు. "ఎండగా ఉందిలేమ్మా. ఉంచు."

"బ్యానరు చూశారా?"

"చూస్తానమ్మా," అంటూ ఆయన వెళ్లి వరస చివర నిలబడ్డారు.

పరీక్షలన్నీ అయిపోయాయి. మాస్టారి చంకలో బ్యానరు మడత ఇంకా విప్పలేదు.