అలిగేవాళ్లున్న వైపే తెరచాప

తెరచాప పడవ మీద దీవులు చుట్టి రావాలంటే ముందు గాలి ఎటు వీస్తుందో చూసుకోమని చెప్పేవాళ్లను నమ్మకండి! వాళ్లు పరాయి దేశస్థులైనా అయ్యుంటారు, నా అన్నవాళ్లు లేనివాళ్లైనా అయ్యుంటారు. పడవ ఎటు పోవాలో తేల్చేది గాలి కాదు, పోకపోతే ఎవరు అలుగుతారన్నది. ఈ మాట ఏథెన్స్‌లో, కిప్సెలి పేటలో, మూడో అంతస్తులో కాపురముంటూ, కిందింట్లో జరిగిందంతా కళ్లారా చూసి చెబుతున్నాను.

దీవికొక చుట్టం ఉండటం నావికుడికి ఎంత వరమో మీకు తెలుసా? బయటి దేశాలవాళ్లు పాపం మ్యాపులు కొంటారు, యంత్రాలు కొంటారు, అయినా లంగరు ఎక్కడ దించాలో తేలక సముద్రం మధ్యలో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటారు. మనకా బెంగే లేదు. కేయా దీవి చివర దీపస్తంభమైనా ఆరిపోవచ్చు గానీ, మా కిందింటివాళ్ల ఎవాంథియా పిన్ని కళ్ల మీంచి బైనాక్యులర్స్ దిగవు. ఆమె బాల్కనీ కంట పడకుండా అటు దాటిన పడవ లేదు. దాటి చూడండి! మీ మనవడి బాప్టిజానికి కూడా గడప తొక్కదు.

ఇక కిందింటి పోలిక్సేని సంగతి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ప్రతి ఆగస్టునూ ఎవరి దీవిలోనో, ఎవరి వంటింట్లోనో, ఎవరి అతిథులకో వంకాయలు వేయిస్తూ గడిపింది. ఈ ఏడు ఆమె తమ్ముడు థ్రాసోస్ పాత పడవొకటి బాగుచేయించి లావ్రియో రేవులో కట్టేశాడు. మరియమాత పండక్కి అక్కనూ బావనూ తీసుకెళ్తానన్నాడు. పోలిక్సేని మొహం ఎంత వెలిగిపోయిందో!

"నాకు ఒక్క సాయంత్రం చాలు," అంది. "మనిషి జాడ లేని ఒడ్డు ఏదైనా సరే. ఎవర్నీ పలకరించక్కర్లేదు, ఎవరికీ వండక్కర్లేదు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చుంటా."

"అంతేనా? అదెంత పని," అన్నాడు భర్త ఆర్గిరిస్.

నిజంగానే ఎంత పని? ఆ సాయంత్రమే బాల్కనీలో మ్యాపు పరిచారు. నాకు చాటుగా వినే అలవాటు లేదు. వాళ్ల మాటలే పైకి వస్తాయి.

"కేయా నుంచి నేరుగా సెరిఫోస్ పోదాం బావా," అన్నాడు థ్రాసోస్.

"మధ్యలో కిథ్నోస్ ఉంది కదరా. అక్కడ మానూసోస్ ఉన్నాడు."

మానూసోస్ అంటే ఆర్గిరిస్, పోలిక్సేనిల పెళ్లిలో ఇద్దరి తలల మీదా కిరీటాలు మార్చిన పెద్దమనిషి. రక్తసంబంధం కన్నా ఓ మెట్టు పైనే.

"అయితే ఓ గంట ఆగుదాంలే."

"గంటా? ఆయన మేకను కోస్తాడు. కోసిన మేకను గంటలో తినేసి లేచొస్తే మర్యాదేనా? కళ్లు పోతాయ్."

అలా కిథ్నోస్‌లో రెండు రోజులు ఖాయమయ్యాయి. సిఫ్నోస్‌లో ఆర్గిరిస్ మేనత్త ఉంది. ఆవిడ శనివారం శనగల కుండను పొయ్యిలోకి తోసి, రాత్రంతా ఉడకనిచ్చి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక తీస్తుంది. కాబట్టి చేరితే ఆదివారమే చేరాలి. ఆగస్టులో ఉత్తరం నుంచి విరుచుకుపడే మెల్టెమి గాలి పడవను తిరగేసేంతగా వీస్తే? వీయనీ! గాలి సోమవారానికి తగ్గుతుంది, శనగలు అప్పటిదాకా ఆగుతాయా?

ఇక ఉత్త చేతులతో ఎవరింటికీ పోకూడదు కదా. ఇంటికో మిఠాయి పెట్టె కట్టించారు. అవి పట్టక లైఫ్ జాకెట్లు దించేశారు. భేషైన పని! మునిగితే మునిగారు, మాట పడకుండా పోతారు.

చివరికి పోలిక్సేని మ్యాపు మీద ఓ చుక్క మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఆగుదాం."

"అక్కడ మేకలు తప్ప ఎవరూ ఉండరక్కా."

"అందుకే."

ఆర్గిరిస్ ఆ చుక్క మీదకి వంగి చూశాడు. "ఆ మేకలు మానూసోస్ బావమరిదివి. మా మేకల్దాకా వచ్చి మా ఇంటికి రాలేదేం అంటాడు. ఆయన్నీ కలుపు థ్రాసోస్."

పోలిక్సేని మ్యాపు మీంచి వేలు తీసేసింది.

మర్నాటి నుంచి ఫోన్లు. అందరికీ ఒకటే సంబరం! "రండి నాయనా, రాకపోతే నా మీద ఒట్టే," అంది ఎవాంథియా పిన్ని. "ఇల్లు మాత్రం హాలండ్ వాళ్లకి అద్దెకిచ్చేశా. నేను గాడిద కొట్టంలో పడుకుంటున్నా. మీ పడవలో మంచాలెన్ని?"

మానూసోస్ ఇల్లూ, ఇంటి పైకప్పూ కూడా అద్దెకిచ్చి, తన ట్రక్కులో పడుకుంటున్నాడట. తనూ ఎక్కుతానన్నాడు. మేనత్త పొయ్యి దగ్గర ఎవరో విదేశీయులకు వంట నేర్పిస్తున్నారట. "శనగలు పడవలోనే వండుకుందాంలేరా, పోలిక్సేని ఉందిగా," అంది.

చూశారా ఆప్యాయత! వేరే దేశంలో పడవ ఎక్కి దీవులకు పోతారు. మన దగ్గర దీవులే పడవ ఎక్కుతాయి.

బయల్దేరే ముందు రోజు పోలిక్సేని మంచాల లెక్క విని, నెమ్మదిగా నడుం పట్టుకుంది. "నా చోటు పిన్నికిచ్చెయ్. నేను రాలేను. నడుం పట్టేసింది."

"నువ్వు రాకపోతే వంటెవరు చేస్తారు?" అన్నాడు ఆర్గిరిస్.

"ఎక్కడెక్కడ ఆగాలో తేల్చిన కెప్టెన్‌వి నువ్వే కదా, నువ్వే చెప్పు," అంది.

వాళ్లు వెళ్లిపోయారు. పండగనాటి ఏథెన్స్ మీకు తెలుసుగా, ఊరంతా దీవులకు పోతుంది, నడిరోడ్డు మీద చాప వేసుకుని పడుకున్నా అడిగేవాడుండడు. ఎదురు మేడల కిటికీలన్నీ మూతపడ్డాయి. ఎండ తగ్గాక పోలిక్సేని బాల్కనీలోకి ఓ వెడల్పాటి బేసిన్ తెచ్చుకుని, నిండా నీళ్లు పోసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. నడుం మీద చెయ్యి కూడా లేదు. ఇంత హాయిగా ఉన్న మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

నేను చూస్తూ కూర్చోలేకపోయాను. పండగపూట ఒంటరి ఆడమనిషి! పలకరించకపోతే ఏమనుకుంటుంది? పుచ్చకాయ ముక్కలూ, కాస్త జున్నూ పళ్లెంలో సర్ది, కిందకి దిగి బెల్లు నొక్కాను. లోపల నీళ్ల చప్పుడైంది. తడికాళ్ల అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి.

"పోలిక్సేని గారూ, నేనే, పైనింటి మెనెలావోస్‌ని. ఉన్నారా?"

"లేను," అంది లోపల్నుంచి.

అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి. మొహమాటం, పాపం! నేను మాత్రం ఏమీ అనుకోలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఆవిడ తలుపు తీసేదాకా కదిలేది లేదని మెట్ల మీదే కూర్చున్నాను. ఒంటరిగా ఉన్న మనిషిని అలా వదిలేసి ఎలా పోతాం, మీరే చెప్పండి?