మూడు మైకు, నాలుగు డైరీ

ఆగండాగండి, ఫోను పక్కన పెట్టి ముందు ఇది వినండి!

మైపాడు రేవులో చేపల సొసైటీకి మాల్యాద్రి పదేళ్లుగా మైకు మనిషి. ఏ పడవ వచ్చింది, వేలం ఎప్పుడు, అన్నీ ఆయనే అరిచి చెప్పేవాడు. పోయిన నెల నెల్లూరు నుంచి రోజారమణి వచ్చి ఒక ప్రోగ్రాం రాసింది. టైపు చేస్తే చాలు, స్పీకరు ఆమె గొంతుతో చదివేస్తుంది. "ఎంత తియ్యగుండాదబ్బా!" అంది రేవంతా. ఆ వారం మాల్యాద్రికి చేపల పులుసు కూడా చేదుగానే ఉంది.

ఆ రోజు పొద్దున్నే ప్రెసిడెంటు పద్మనాభయ్య తేల్చేశాడు. "ఈ పొద్దు వేలం సక్రమంగా జరిగితే పాత మైకు అటకెక్కిచ్చేద్దాం. లేదంటే మళ్లా నీదే, మాల్యాద్రీ."

ఆ ప్రోగ్రాంకి ఫైళ్ల పేర్లు చెప్పరు. ముందే తెరిచిపెట్టిన దారులుంటాయి, ఫైల్ డిస్క్రిప్టర్లంటారు, వాటి నంబర్లు మాత్రం ప్రోగ్రాం నడిపించడానికి కొట్టే వరుసలో, అంటే కమాండ్ లైనులో, ఇస్తారు. రోజారమణి గోడకు చీటీ అంటించింది: మైకుకి 3, డైరీకి 4. ప్రకటనలు మూడో దారిన స్పీకరుకి, ఆఫీసువాళ్ల రిమార్కులు నాలుగో దారిన డైరీ ఫైలుకి. ఆ దారి ఎక్కడికి పోతుందో ప్రోగ్రాం చూడనే చూడదు.

'ఇంత గుడ్డిదా ఇది!' అనుకున్నాడు మాల్యాద్రి. రోజారమణి టీకి వెళ్లగానే ప్రోగ్రాం ఆపి, మైకుకి 4, డైరీకి 3 అని కొట్టి మళ్లీ నడిపించాడు.

వేలం టైమైంది. రోజారమణి ప్రకటన టైపు చేసింది. స్పీకరు కిక్కురుమనలేదు. ఆమె వైర్లు చూడ్డానికి బయటికి పరుగెత్తింది. మాల్యాద్రి సంతోషం పట్టలేక, డైరీ దారి ఇప్పుడు స్పీకరుకి పోతుందన్నది మరిచి, డైరీలో ఒక రిమార్కు కొట్టాడు. వెంటనే రేవంతా రోజారమణి గొంతు మోగింది.

"రోజారమణిది పిల్లి గొంతు. మాల్యాద్రిది సింహం గొంతు."

ఆయన కంగారులో "తుడిచెయ్" అని కొట్టాడు. స్పీకరు "తుడిచెయ్" అంది. పలక మీద రేట్లు రాసే రెబెక్కమ్మ పలకంతా తుడిచేసింది. "వెనక్కి పో" అని కొట్టాడు. అప్పుడే బయల్దేరిన ఐసు బండి వెనక్కి వచ్చి రొయ్యల ట్రేలను గుద్దింది.

రోజారమణి లోపలికొచ్చి స్క్రీను చూసింది. "అన్నా, నంబర్లు మార్చినావా?"

"పదేళ్లు అరిచినానమ్మా," అన్నాడు మాల్యాద్రి తల వంచుకుని. "తియ్యగుండాదని ఒక్కరన్నా అన్యారా?"

గొడవ విని వచ్చిన పద్మనాభయ్య నోరు తెరిచేలోపు రెబెక్కమ్మ కిటికీలోంచి అరిచింది. "ఓ ప్రెసిడెంటూ, ఆ పిల్లీ సింహం కత మళ్లా ఎయ్యండయ్యా! పక్క రేవోళ్లు గూడా పరిగెత్తుకొస్తాండారు!"

పద్మనాభయ్య జనాన్ని చూశాడు, మాల్యాద్రిని చూశాడు. "రేపట్నించి వేలానికి ముందు నీ రిమార్కులు మూడో నంబరుకే. నీ పాత మైకు మాత్రం అటకెక్కాల్సిందే."

ఇప్పుడు రోజూ పొద్దున మాల్యాద్రి మాటలకు రేవంతా "ఎంత తియ్యగుండాదబ్బా!" అంటోంది. గొంతు మాత్రం రోజారమణిదే. మీరైతే డైరీకి మూడే ఉంచుతారా, మళ్లీ నాలుగు కొడతారా?