తాత దొంగైతేనే స్థానికుడు

మన బలరామ్ గారు ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చి, టాటానగర్ స్టేషన్లో మెడలో దండలైనా తీయకుండా ఒక చారిత్రక ప్రకటన చేశారు. "తాత దొంగైతేనే మనవడు స్థానికుడు!" మేం చప్పట్లు కొట్టాం. ఆయన ఏమన్నా ముందు చప్పట్లు కొట్టి, అర్థం తర్వాత అడగడం మాకు అలవాటు.

బలరామ్ గారు స్థానికతా నిర్ధారణ సంఘానికి చైర్మన్. జంషెడ్‌పూర్లో ఎవరు ఇక్కడివాళ్లో, ఎవరు పైవాళ్లో తేల్చే బరువు ఆయన నెత్తిన ఉంది. ఆ బరువుతోనే ఇరవై రోజులు స్టడీ టూర్ వెళ్లారు పాపం. అక్కడ ఒక ఊరి నడిబొడ్డున విగ్రహం చూశారు. డూలన్ అని ఐర్లండు మనిషిది. రెండొందల ఏళ్ల కిందట ఎవరింటికో కన్నం వేసి రెండు వెండి చెంచాలు ఎత్తుకుపోతే, ద్వీపాంతర శిక్ష వేసి ఓడెక్కించి అక్కడికి తోలారట. ఇప్పుడక్కడ వీధి ఆయన పేరు, బడి ఆయన పేరు, మేయరు ఆయన వంశంవాడే.

"ఎందుకంటారు? డూలన్‌కి కోర్టు కాగితం ఉంది. మంచోళ్లకి ఏటుంది? మంచితనం! దానికి స్టాంపు ఎవడేత్తాడు?" అన్నారు చైర్మన్ గారు. ఎంత లోతైన మనిషి!

మర్నాటి నుంచే రూలు. 1955కి ముందు ఈ జిల్లా కోర్టులో శిక్ష పడిన తాత ఉంటేనే లోకల్ సర్టిఫికెట్.

మా గోవింద్‌పూర్ తెలుగు బస్తీలో పండగ మొదలైంది. ఎదురింట్లో అద్దెకుండే అసిరయ్య, మూడు తరాలుగా ట్రంకుపెట్టె అడుగున దాచిన తాత ఫోటో తీసి ముందుగదిలో తగిలించి దండ వేశాడు. కంచు చెంబు దొంగతనంలో ఆ తాతకి 1952లో ఆరు నెలలు పడింది. పక్కింటి జగదాంబ మాత్రం వీధిలో చతికిలబడి ఏడ్చింది.

"మా తాతనీ పట్టుకున్నారు బాబూ! ఆ దిక్కుమాలిన జడ్జీ నిర్దోషని రాసీసి మా కొంప ముంచీసినాడు!"

నా బాధ నాది. మా అమ్మాయి సౌజన్యకి సర్కారు నర్సు పోస్టు వచ్చింది. బుధవారంలోగా సర్టిఫికెట్ ఇవ్వకపోతే పోస్టు పోతుంది. మా తాత టెక్కలి నుంచి వచ్చి ముప్పై ఆరేళ్లు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒక్క నట్టు కూడా జేబులో వేసుకోలేదు. జీవితంలో మొదటిసారి ఆయన మీద నాకు ఒళ్లు మండింది.

పిల్లని తీసుకుని చైర్మన్ గారి దగ్గరికి వెళ్లాను.

"ఏటీ దొంగిలించలేదా? పోనీ, ఒక స్పానరు?" అని జాలిగా అడిగారు.

"లేదండి."

"మనవల గురించి ఆలోచించని మనిషి!"

"ఔర్ ఆప్‌కే దాదాజీ, సర్?" అని ఆయన తాత సంగతి అడిగింది సౌజన్య.

"మాది ఆలస్యంగా పైకొచ్చిన వంశమమ్మా. నా మీద నాలుగు కేసులు నడుత్తన్నాయి. నా మనవలకి ఏ లోటూ ఉండదు."

ఊరుకోలేక, ఏదో ఒక కోర్టు కాగితంలో మా తాత పేరైనా కనబడుతుందేమోనని అసిరయ్య తాత తీర్పుకి నకలు తీయించాను. చదివి ఎగిరి గంతేశాను. ఆ చెంబు మా తాతదే! దొంగతనం జరిగింది పదిహేడో నంబరు ఇంట్లో. మేం ఇప్పటికీ ఉంటున్న ఇల్లు. కోర్టు ముద్రతో సహా మా తాత పేరు!

బుధవారం ఉదయం చైర్మన్ గారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"'యజమాని ఇంట లేని సమయమున' అని రాసుంది. అంటే మీ తాత ఇక్కడ నేడు."

"డ్యూటీకి వెళ్లాడండీ!"

"ఉన్నాడా, నేడా?"

"...లేడండి."

"మరి ఇంట్లో ఎవరున్నారు?"

"అసిరయ్య తాత."

"పోలీసులు చూసినారు. సాక్షులు చెప్పినారు. జడ్జీ ఒప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్నాడని ఇంత గట్టి రుజువు నేను ఎక్కడా చూడలేదు!" చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు, అసిరయ్య పేరున.

సౌజన్య ఇంటికొచ్చి యూనిఫాం కోసం కొన్న తెల్లగుడ్డ మడతపెట్టి పైఅరలో పెట్టింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. అసిరయ్య, వెనక కొలత టేపుతో అతని కొడుకు మోహిత్. అసిరయ్య చేతిలో కొత్త సర్టిఫికెట్. చిరునామా గడిలో పదిహేడో నంబరు.

"సూర్యప్రకాష్ బావా, తొందరేటీ నేదు. సామాను సర్దుకోడానికి నెల్లాళ్లు తీసుకోండి. వంటిల్లు కొలుసుకుని ఎల్లిపోతాం" అన్నాడు, తల వంచుకుని.

ఇద్దరూ చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చారు. మర్యాద తెలిసిన కుటుంబం.